గాజు మేడకు చేరిన మన నేత

గత సంచికలో మన కథ 1800 దగ్గర ఆగింది. నిజాం అలీ ఖాన్ తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప సీమలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. ఆదోని కోట, కోట కింద పేట, తుంగభద్ర దాకా పరుచుకున్న నల్లరేగడి పల్లెలు అన్నీ దత్తమండలాల లెక్కలోకి వెళ్లాయి. థామస్ మన్రో మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఊరూరా తిరిగి భూములు కొలిపించాడు. మరుసటి ఏడాది బళ్లారి వేరే జిల్లా అయింది. ఆదోని, ఎమ్మిగనూరు ఆ జిల్లా కింద ఉండిపోయాయి.

ఆ మన్రోయే 1813లో లండన్‌లో కామన్స్ సభ ముందు సాక్ష్యం చెప్పాడు. ఇంగ్లండు సరుకు మన దేశంలో ఎంత అమ్ముడుపోతుందని సభ్యులు ఆయన్ను అడిగారు. తాను ఏడేళ్లుగా ఒకే హిందూస్థానీ శాలువా వాడుతున్నానని, అది ఇంకా కొత్తదానిలాగే ఉందని, విలాయతి శాలువా ఊరికే ఇచ్చినా తాను కప్పుకోనని ఆయన జవాబిచ్చాడు. దత్తమండలాల్లో ఏడేళ్లు గడిపి, మగ్గం పన్ను లెక్కలు దగ్గరుండి చూసిన మనిషి మాట అది. ఆయనే తరువాత మద్రాసు గవర్నరు అయ్యాడు. 1827 జులై 6న మన పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు.

మన్రో సాక్ష్యానికి, ఇవాళ చెప్పుకోబోయే గాజు మేడకు మధ్య 38 ఏళ్లు. ఆ కాలంలోనే లెక్క తలకిందులైంది. ఇంగ్లండులోని లంకషైరు మిల్లు నూలు, మిల్లు గుడ్డ మన సంతల్లోకి వచ్చేశాయి. ఆవిరి యంత్రం నడిపే మగ్గం ముందు చేతి మగ్గం ధరకు ఆగలేకపోయింది.

1851 మే 1న విక్టోరియా రాణి లండన్ హైడ్ పార్కులో ప్రపంచ ప్రదర్శన తెరిచింది. జోసెఫ్ పాక్స్టన్ గీసిన కట్టడం అది. తోటల్లో మొక్కలకు గాజు ఇళ్లు కట్టించిన అనుభవం ఆయనది. ఇనుప చట్రాలకు దాదాపు మూడు లక్షల గాజు పలకలు బిగించి, నెలల వ్యవధిలో లేపిన ఆ మేడ పొడవు 1,800 అడుగుల పైమాట. అక్టోబరు 15న మూసేలోగా అరవై లక్షల మంది చూశారు. రైలు టికెట్లు చౌకగా అమ్మిన థామస్ కుక్ ఒక్కడే లక్షన్నర మందిని చేరవేశాడని చెబుతారు. షిల్లింగు టికెట్టు పెట్టిన రోజుల్లో కూలి జనం కూడా కుటుంబాలతో వచ్చారు. ప్రదర్శన అనేది రాజుల కొలువులోంచి మామూలు మనిషి దగ్గరికి వచ్చింది అక్కడే. ఆ మేరకు అది గొప్ప పనే, ఆ మాట ఒప్పుకుని తీరాలి.

లోపల మన దేశానికి పెద్ద చోటే ఇచ్చారు. కంపెనీ తరఫున జాన్ ఫోర్బ్స్ రాయిల్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ భాగం సర్దాడు. అంబారీ కట్టిన ఏనుగును నిలబెట్టారు. అసలు ఏనుగు దొరక్క, ఇంగ్లండులోనే ఒక ఊరి మ్యూజియంలో ఉన్న గడ్డి కూరిన ఏనుగును తెచ్చి దాని మీద అంబారీ వేశారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే కోహినూరు కూడా అక్కడే ఇనుప బోనులో ఉంది. జనం ఎగబడి చూశారు గానీ అది తళుక్కుమనలేదని నిరాశపడ్డారు. ఆ మరుసటి ఏడాదే దాన్ని మళ్లీ కోయించారు. 186 క్యారెట్ల రాయి 105కు తగ్గింది. తెలుగు నేల నుంచి వెళ్లిన వాటిలో చూపరుల మెప్పు పొందినవి మాత్రం ఓరుగల్లు తివాచీలు. చదరపు అడుగులో వేల ముడులు వేసిన ఆ పనితనం గురించి తరువాత జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఇంగ్లీషు అధికారి మన చేతిపనుల మీద రాసిన పుస్తకంలో ప్రత్యేకంగా చెప్పాడు.

అదే మేడలో ఇంకో పక్క ఓల్డ్‌హామ్ ఊరి హిబ్బర్ట్ ప్లాట్ కంపెనీ పత్తి యంత్రాలను వరసగా నిలిపి నడిపించి చూపింది. దూది ఏకడం దగ్గర్నుంచి గుడ్డ దిగేదాకా అన్నీ ఇనుము చేసే పనులే. మన నేతను కళగా, వాళ్ల నేతను పరిశ్రమగా చూపించిన ఏర్పాటు అది. ఆనాటి నుంచి వందేళ్ల పాటు మన మగ్గం మీద ఆ ముద్ర పోలేదు. మగ్గం బతుకుతెరువు అనే సంగతి ఆ మేడలో ఎవరికీ తోచలేదు.

లండన్ చూసి మద్రాసుకూ ఉత్సాహం వచ్చింది. 1855లో దక్షిణ దేశపు ముడిసరుకులు, చేతిపనులు, తయారీలకు మద్రాసులో మొదటి పెద్ద ప్రదర్శన జరిగింది. 1857లో, 1859లో మళ్లీ జరిగాయి. వీటి వెనక నడుం కట్టిన మనిషి ఎడ్వర్డ్ బాల్ఫర్. సైన్యంలో వైద్యుడు. 1851లో మొదలైన మద్రాసు మ్యూజియం బాధ్యత ఆయనదే. అలెగ్జాండర్ హంటర్ అనే ఇంకో వైద్యుడు 1850లో పెట్టిన కళాశాలే తరువాత మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అయింది. ఈ ఇద్దరికీ దేశీ చేతిపనుల మీద ఉన్న మమకారం నిజమైనది. జిల్లాల నుంచి పత్తి, నూనె గింజలు, రంగు వేర్లు, నార, తోళ్లు, గుడ్డలు తెప్పించి, తరగతుల వారీగా తీర్పరులను పెట్టి, ఒక్కో వస్తువు మీద నివేదిక రాయించి అచ్చు వేయించారు. ఆనాటి మన ముడిసరుకుల గురించి ఇంత వివరంగా చెప్పే కాగితాలు అంతకుముందు తక్కువే.

కానీ ఆ తేదీలు ఒకసారి చూడండి. 1853లో వానలు తప్పాయి. 1854లో బళ్లారి జిల్లా మొత్తం కరువు కోరల్లో ఉంది. చెరువులు ఎండి, రోడ్డు పనుల దగ్గర జనం గంపలు మోస్తున్నారు. మద్రాసులో ప్రదర్శన తెరిచే నాటికి ఆ కరువు దెబ్బ నుంచి సీమ ఇంకా తేరుకోలేదు. కరువులో రైతు ముందు ఆపేది గుడ్డ కొనడమే. తిండిగింజలు కొనడానికే డబ్బు లేనప్పుడు పంచె, చీర ఎవరు కొంటారు? అందుకే ఎక్కడ కరువొచ్చినా అందరికంటే ముందు మగ్గం ఆగిపోతుంది. సాలెవాడికి పొలం లేదు, పశువు లేదు, పొలం కూలి చేతకాదు. ప్రభుత్వం రాళ్లు కొట్టే పని చూపిస్తే, ఆ పనితో బిరుసెక్కిన చేతులకు మళ్లీ సన్న నూలు పట్టు చిక్కదు. కరువులో నేతగాళ్లకు వాళ్ల పనే చూపి ఆదుకోవాలనే నిబంధన సర్కారు కరువు చట్టాల్లోకి రావడానికి ఇంకో పాతికేళ్ల పైనే పట్టింది.

ప్రదర్శనల వరసలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసేది ఒక పుస్తకం. ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి లండన్‌లో ఇండియా మ్యూజియం బాధ్యత చూసేవాడు. ప్రదర్శనలకు వచ్చిన గుడ్డలూ మ్యూజియంలో ఉన్న గుడ్డలూ తీసుకుని, ముక్కలుగా కత్తిరించి, అట్టల మీద అతికించి 1866లో 18 సంపుటాలు తయారు చేశాడు. ఒక్కో సెట్టులో 700 గుడ్డ ముక్కలు. అలాంటివి 20 సెట్లు. వాటిలో 13 బ్రిటన్ పారిశ్రామిక పట్టణాలకు వెళ్లాయి, 7 మన దేశానికి వచ్చాయి.

ఆ సంపుటంలో ఒక పుట ఎలా ఉంటుందంటే, అట్ట మధ్యలో తలపాగా గుడ్డదో, లుంగీదో, చీర అంచుదో ముక్క ఉంటుంది. దాని కింద అచ్చు వేసిన చీటీ. వరస సంఖ్య, గుడ్డ పేరు, పొడవు, వెడల్పు, బరువు, ధర, వచ్చిన ఊరు. అంచు ఎంత వెడల్పు ఉండాలి, కొంగు ఎలా దింపాలి, ఏ ప్రాంతపు ఆడవాళ్లు ఏ రంగు కడతారు అన్నది మాంచెస్టరు మిల్లు యజమాని తన బల్ల దగ్గర కూర్చునే తెలుసుకోవచ్చు. ఆ ఉద్దేశాన్ని వాట్సన్ దాచలేదు. మన జనం ఏం కడతారో తెలిస్తే ఇంగ్లండు మిల్లులు అదే నేసి పంపగలవని తన పుస్తకంలో బాహాటంగా రాశాడు. చీటీలో అన్నీ ఉన్నాయి, నేసిన మనిషి పేరు తప్ప. ఆ గుడ్డకు ఆధారమైన ఒడుపును తరతరాలుగా కాపాడిన కుటుంబానికి దానివల్ల ఒక్క కానీ ముట్టలేదు. ఆ సెట్లలో ఒకటి ఇప్పటికీ ఇంగ్లండులో ప్రెస్టన్ పట్టణపు హారిస్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

వాట్సన్ కత్తెర పట్టే నాటికి ఆదోని చుట్టుపక్కల ఇంకో హడావుడి నడిచి చల్లారింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దక్షిణాది రాష్ట్రాల పత్తి ఓడరేవులు మూసుకుపోయాయి. లంకషైరు మిల్లులు ఆకలితో మన వైపు తిరిగాయి. నల్లరేగడి పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. ఈ ప్రాంతపు పత్తికి వ్యాపారులు పెట్టుకున్న పేరు వెస్టర్న్స్. రైలు రాకముందు ఈ పత్తి ఎద్దుల మీద, బండ్ల మీద పడమటి కనుమలు దాటి కుమటా రేవుకు పోయి, అక్కడి నుంచి ఓడలో బొంబాయి చేరేది. దారిలో దుమ్ము, వాన, దొంగలు. రేవు చేరేసరికి సరుకు మట్టి కొట్టుకుపోయేది. 1865లో యుద్ధం ముగిసింది, ధర పడిపోయింది. బొంబాయిలో పెద్ద పెద్ద కంపెనీలే కూలిపోయాయి. జొన్న, కొర్ర తగ్గించి పత్తి వేసిన రైతు సంగతి వేరే చెప్పాలా?

రైలు ఆ తరువాత వచ్చింది. మద్రాసు నుంచి వాయవ్యంగా సాగిన లైను గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనును కలిసింది. మద్రాసుకు 307 మైళ్ల దూరంలో ఉన్న ఆదోని రెండు మహానగరాల మధ్య దారిలో స్టేషనైంది. ఆదోనికి ఇప్పటికీ రెండో బొంబాయి అనే పేరు నిలవడానికి ఆ పట్టాలూ ఒక కారణం. అంతకుముందు ఇళ్లలో ఆడవాళ్లు రాతి పలక మీద పత్తి పరిచి, ఇనుప కడ్డీని పాదాలతో దొర్లిస్తూ గింజ వేరు చేసేవారు. దూదేకులవాళ్లు వింటి నారితో దూది ఏకేవారు. ఇంటింటా రాట్నం తిరిగేది. శతాబ్దం చివరికి ఆదోనిలో గింజ తీసే జిన్నింగు ఫ్యాక్టరీలు, బేళ్లు కట్టే ప్రెస్సులు లేచాయి. 1901 జనాభా లెక్కల్లో ఊరి జనం 30,416. పత్తి రైలెక్కి పోయేది, మిల్లు నూలు అదే రైల్లో దిగేది. మధ్యలో రాట్నం తిప్పే ఆడవాళ్ల పని పోయింది. ఏ ప్రదర్శన నివేదికలోనూ ఈ నష్టానికి ఒక తరగతి పెట్టలేదు.

ఎమ్మిగనూరుకు ఆ రైలు రాలేదు. ఇప్పటికీ రాలేదు. నీలకంఠేశ్వరుడి జాతరే ఆ ఊరికి ఏడాదికోసారి జరిగే ప్రదర్శన. పుష్య మాసంలో రథం కదిలాక రోజుల తరబడి పశువుల సంత సాగుతుంది. కర్ణాటక వైపు నుంచి కూడా రైతులు ఎద్దులు కొనడానికి వస్తారు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి, నడిపించి, గిట్టలు తట్టి బేరమాడతారు. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే చోటు అది. సరుకుతో పాటు మనిషి కూడా కనబడే ఈ సంతను గాజు మేడకు తక్కువని నేను అనుకోను.

ఇక 1876. తెలుగువాళ్లు ధాత కరువని చెప్పుకునే ఏడాది. వానలు ముఖం చాటేశాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికంటే ఎక్కువ నలిగిన జిల్లాల్లో బళ్లారి ఒకటి. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో మహా దర్బారు జరిపి విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తున్న రోజున మన పల్లెల్లో జనం ఆకులూ గడ్డలూ వెతుక్కుంటున్నారు. కరువు పనుల దగ్గర మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలని వైస్రాయి పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. మద్రాసు డాక్టర్లు అది ప్రాణం నిలపదని మొత్తుకున్నారు. విలియం డిగ్బీ అనే పత్రికా సంపాదకుడు ఈ ఘోరాన్నంతా రెండు సంపుటాల్లో రాసిపెట్టాడు. రైలు మీద ధాన్యం స్టేషన్ల దాకా వచ్చింది. అక్కడి నుంచి లోపలి ఊళ్లకు లాగే ఎడ్లు మేత లేక చచ్చిపోయాయి. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఉన్న ఆ కొద్ది దూరం ఆ రోజుల్లో ఎంత దూరమో ఊహించండి. 1871కి, 1881కి మధ్య బళ్లారి జిల్లా జనాభా దాదాపు ఐదో వంతు తగ్గింది. ప్రగతి శతాబ్దం అని పేరు పెట్టుకున్న కాలంలోనే ఇది జరిగింది.

1878 మేలో, ఆ కరువు పూర్తిగా తీరకముందే, పారిస్‌లో మరో ప్రపంచ ప్రదర్శన తెరిచారు. కోటీ అరవై లక్షల మంది చూశారు. విద్యుద్దీపాలు వీధుల్లో వెలిగాయి, టెలిఫోను పలికింది. వేల్సు యువరాజు 1875-76లో మన దేశం తిరిగినప్పుడు రాజులూ జమీందారులూ ఇచ్చిన కానుకలన్నీ అక్కడ ఇండియా మంటపంలో పెట్టారు. వాటికి కరదీపిక రాసినవాడు ఇందాక చెప్పిన బర్డ్‌వుడ్డే. మన చేతిపని మీద ఆయన ప్రేమను నేను శంకించను. జైళ్లలో ఖైదీల చేత చౌకగా నేయించే తివాచీలు, కొత్తగా వచ్చిన రసాయన రంగులు దేశీ తివాచీ పనిని చెడగొడుతున్నాయని గట్టిగా పోరాడిన మనిషి ఆయన.

రంగుల సంగతి మన ఊళ్లకు నేరుగా తగిలింది. 1856లో పెర్కిన్ అనే కుర్రవాడు లండన్‌లో తారు నుంచి ఊదా రంగు తీశాడు. పన్నెండేళ్లకు జర్మన్లు ఎర్ర రంగునూ అలాగే తయారు చేశారు. 1897 నుంచి ఫ్యాక్టరీ నీలిమందు అంగళ్లకు వచ్చింది. సిరివేరు తవ్వి, ఉడకబెట్టి, పటిక పట్టించి ఎరుపు ఎక్కించే అద్దకం వాళ్ల విద్య అక్కరలేనిదైపోయింది. పొట్లం విప్పి నీళ్లలో కలిపితే రంగు సిద్ధం. ఆదోని తివాచీలు, జంబుఖానాలు మాత్రం తట్టుకున్నాయి. 1911 నాటి బ్రిటిష్ విజ్ఞాన సర్వస్వంలో ఆదోని గురించి ఉన్న నాలుగు వాక్యాల్లో మొదట చెప్పిన తయారీ తివాచీలే, ఆ తరువాతే పట్టు, నూలు గుడ్డలు. జంబుఖానా నేత గట్టి పని. నేలకు సమాంతరంగా పడుగు బిగించి, రంగు పేక నూలును వేళ్లతో దూర్చి, ఇనుప పళ్ల పంజాతో బలంగా కొట్టి వరసను బిగిస్తారు. ఎంత బిగిస్తే అంత మన్నిక. పెళ్లి పందిట్లో, హరికథ దగ్గర, మసీదులో, బడిలో నలుగురు కూర్చునే చోట పరిచేది అదే కాబట్టి, దానికి గిరాకీ మన మధ్యలోనే ఉంది. అది బతకడానికి కారణం పతకాలు కావు, ఈ గిరాకీయే.

మగ్గానికి నిజమైన మేలు చేసిన యంత్రం చాలా చిన్నది, చాలా పాతది. గుంట మగ్గంలో సాలె కాళ్లు గుంటలో పెట్టి, నాడెను ఒక చేత్తో విసిరి ఇంకో చేత్తో అందుకుంటాడు. గుడ్డ పన్నా ఆయన చేతుల చాపును దాటదు. 1733లో జాన్ కే అనే ఇంగ్లీషువాడు తాడు లాగితే నాడె దానంతటదే పరుగెత్తే ఏర్పాటు కనిపెట్టాడు. గాజు మేడకు నూట పద్దెనిమిదేళ్ల ముందు మాట ఇది. అన్ని ప్రదర్శనలు, అన్ని నివేదికలు అయ్యాక కూడా అది మన సాలె ఇంటికి రావడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో పనిచేసిన ఆల్ఫ్రెడ్ చాటర్టన్ లాంటివాళ్లు దాని కోసం తిరిగారు. ముందు కోస్తా జిల్లాల్లో పాకింది.

అయినా నాడె వేగం ఒక్కటే సాలెను గట్టెక్కించదు. నూలు ఎవరు అప్పుగా ఇస్తున్నారు, నేసిన గుడ్డ ఎవరు కొంటున్నారు అన్నదే అసలు ప్రశ్న. సావుకారు నూలిచ్చి, ఆ సావుకారే గుడ్డ తీసుకుని, ఆయనే ధర కడితే, ఎంత వేగంగా నేసినా ఆ వేగం ఫలితం ఆయన ఖాతాలోకే పోతుంది. ఈ ముడి విప్పింది ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప పూనికతో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం మొదలైంది. నూలు సంఘమే కొని మగ్గాలకు పంచేది, గుడ్డ తీసుకుని తానే అమ్మేది. అప్పటికి మూడేళ్ల ముందే మద్రాసులో రాష్ట్ర చేనేత సహకార సంఘం ఏర్పడింది. కానీ రైలు లేని ఒక సీమ ఊరు దేశంలో పేరున్న సంఘాన్ని నిలబెట్టడం వేరే సంగతి. 1954లో సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు ఏడాదే, 1953 అక్టోబరు 1న, ఆదోని తాలూకా బళ్లారిని వదిలి కర్నూలు జిల్లాలో భాగంగా ఆంధ్ర రాష్ట్రంలో చేరింది.

1851 నుంచి లెక్క వేస్తే నేతగాడి పేరు, నేతగాడి లాభం ఒకే పుస్తకంలో రాయడానికి మనకు 87 ఏళ్లు పట్టింది. ఆ పుస్తకం లండన్‌లో కాదు, ఎమ్మిగనూరులో రాశారు. పారిశ్రామిక ప్రగతి చరిత్ర రాసేవాళ్లు గాజు మేడకు ఇచ్చినన్ని పుటలు ఈ సంఘానికీ ఇవ్వాలని నా వాదన.

పాఠకులకు ఒక విన్నపం. మన పాత గుడ్డల ముక్కలను పరాయి దేశపు మ్యూజియం నేటికీ భద్రంగా దాచుకుంది. మీ ఇంట్లో పాత జంబుఖానాగానీ, అవ్వ కట్టిన నేత చీరగానీ, పనిచేయని మగ్గం సామానుగానీ ఉంటే పారేయకండి. అది ఏ ఊళ్లో నేసింది, ఎవరు నేశారు, ఎప్పుడు కొన్నారు అన్నది పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసి దానితో పాటు ఉంచండి. ఫోటో తీసి మీ ఊరి గ్రంథాలయానికో, కాలేజీ చరిత్ర శాఖకో ఇవ్వండి. నేసిన మనిషి పేరు తెలిస్తే ఆ పేరు ముందు రాయండి.

(వచ్చే సంచికలో: ఆదోని పత్తి మార్కెట్)